వలదారం కాజాలు

బతుకుతెరువుకు మేం చేరిన ఇనప కంపెనీ ఊళ్ళో, భుయ్యాడీహ్ పేటలో, మా ఇంటి గోడకు ఆనుకొని ఉన్న ఇంట్లో దాలమ్మ ఉండేది. ఈ లోకంలో ఆమె భయపడని వస్తువు ఏదైనా ఉందా అని నేను చాలాకాలం వెతికాను. ఉరుముకు భయం. సువర్ణరేఖ ఏరు పొంగితే భయం, తగ్గితే బురదలోంచి ఏం బయటపడుతుందోనని భయం. ఏటి అవతలున్న మాంగో వెళ్ళాలంటే వంతెన దాటేదాకా బస్సులో కళ్ళు మూసుకొని కూర్చునేది.

"సముద్రం ఒడ్డున పుట్టినదానివి, ఈపాటి ఏటిని సూసి ఒణుకుతావేటే?" అని వెక్కిరించేదాన్ని.

"నీళ్ళ సంగతి తెలిసినోళ్ళకే బయం వొదినా. తెలీనోళ్ళకేటి, దబ్బున దిగిపోతారు" అనేది. మాటకు మాట అప్పజెప్పడానికి మాత్రం భయం లేదు.

అలాంటి పిరికిదాని చేత దేవుడు బ్లేడు పట్టించాడు. సాక్చి బజారులో దర్జీ చిన్నారావు, కుట్టిన చొక్కాలు సంచుల్లో కుక్కి పంపేవాడు. వాటికి కాజాలు వేసి, బొత్తాలు కుట్టి ఇవ్వడం ఆమె జీవనం. మొదట్లో అన్నీ చేత్తోనే కుట్టేది. తరవాత ఎవరో ఊరు వదిలి వెళ్ళిపోతుంటే ఒక పాత తొక్కుడు మిషను కొన్నది. సూది కిందికీ పైకీ తప్ప అటూ ఇటూ కదలడం ఎరగని మామూలు మిషను అది. దాని మీద కాజా కుదరదన్నాడు చిన్నారావు. ఆమె కుదిర్చింది.

ఎలాగో చెప్తాను, నేను పక్కన కూర్చుని చూసినదే. సబ్బుముక్కతో గీత గీసేది. గీత బొత్తాం వెడల్పు కన్నా వడ్లగింజ మందం పొడుగ్గా ఉండాలి. మిషను మీది మర తిప్పి కుట్టు బాగా దగ్గర చేసేది. గీతకు ఒక పక్కగా కుట్టుకుంటూ వచ్చి, చివర సూదిని గుడ్డలోనే దింపి ఉంచి, మిషను పాదం ఎత్తి, గుడ్డ తిప్పి, అడ్డంగా ఒకటి రెండు కుట్లు వేసి, మళ్ళీ రెండో పక్క కుట్టేది. మూలల దగ్గర కాలితో తొక్కేది కాదు. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుకునేది. అదే దారిన ఇంకొక చుట్టు తిరిగేసరికి గీత చుట్టూ మడికి గట్టు కట్టినట్టు అయ్యేది. అప్పుడు మధ్యలో కొయ్యాలి.

అక్కడే ఆమెకు చెమటలు పట్టేవి. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, కోత తప్పితే చొక్కా మొత్తం పోయినట్టే. రెండు చివర్లా రెండు గుండుసూదులు అడ్డంగా గుచ్చి, బ్లేడు అవి దాటి పోకుండా చూసుకొని, "నూకాలమ్మ తల్లీ" అనుకుంటూ ఊపిరి బిగబట్టి కోసేది. కోశాక అంచులు విడిపోకుండా చుట్టూ చేతి సూదితో ఒత్తుగా కుట్టేది. అయిపోయాక చూస్తే, అచ్చు గుద్దినట్టు ఉండేవి. సాక్చిలో మంచి చొక్కా తొడుక్కున్నవాణ్ణి పట్టుకొని అడిగితే, కాజాలు దాలమ్మవేనని చెప్పేవాడు.

ఆమె భయాలన్నిటికీ పెద్ద భయం ఒకటుంది. మిగతావన్నీ దాని పిల్లలే. మొగుడు పోలరాజు బర్మామైన్స్ పేట అవతల ఒక కాంట్రాక్టరు షెడ్డులో లేతు మీద పనిచేసేవాడు. ఇనప కడ్డీని మిషనుకు బిగిస్తే అది గిర్రున తిరుగుతుంది, దానికి పనిముట్టు ఆనించి నున్నగా చెక్కాలి. దాలమ్మ కాపరానికి వచ్చిన కొత్తలో మా వీధి తవిటయ్య అక్కడే చెయ్యి పోగొట్టుకున్నాడు. ముంజేతి బొత్తాం ఊడిపోయి చొక్కా చెయ్యి వేలాడుతుంటే, తిరిగే కడ్డీ దాన్ని అందుకుంది. చొక్కా చేతితో పాటు మనిషి చేతినీ లాక్కుంది. ఆ తరవాత షెడ్డు గోడ మీద హిందీలో ఎర్రరంగుతో, బొత్తాలు పెట్టుకొని పనిచెయ్యాలని రాయించారు. పోలరాజు ఇంటికొచ్చి ఆ మాట చెప్పినప్పటి నుంచీ దాలమ్మకు అది వేదవాక్కు అయిపోయింది. పెద్ద కంపెనీ సైరను, ఆ భోంపూ, వేళకాని వేళ మోగితే వీధిలో ఆడవాళ్ళందరం గుమ్మాల్లోకి వచ్చి నిలబడేవాళ్ళం. దాలమ్మ వేళకు మోగినా వచ్చి నిలబడేది.

"ఓ బొత్తాం ఊడిపోబట్టి కదా తవిటయ్య సెయ్యి పోయింది. ఊడిపోని కాజా కుట్టాల వొదినా" అనేది.

ఒక ఏడాది ఎండల్లో ఆమె తమ్ముడు ఊరినుంచి ఎండుచేపలు, వాటితో పాటు వలలు అల్లే నైలాను దారం ఒక కండె పట్టుకొచ్చాడు. గుడిసె కప్పుకు కట్టుకుంటారని తెచ్చాడు పాపం. దాలమ్మ ఆ దారాన్ని చూసింది, పేట విప్పి ఒక్క పోగు తీసింది, రెండు చేతులకు చుట్టి లాగింది. వేళ్ళు తెగేట్టు కోసుకుపోయాయి గానీ పోగు తెగలేదు.

"మా అయ్య ఈ దారంతో ముడేత్తే సొరసేప కూడా ఇప్పుకోలేదు" అంది. ఆమె ముఖంలో అంత ధైర్యం నేను అంతకుముందు చూడలేదు.

వల అల్లేవాళ్ళ ఇంట్లో పుట్టినవాళ్ళకు తప్ప ఇంకెవరికీ ఆ ఆలోచన రాదు. జారిపోయే ముడి వేస్తే వాళ్ళలో తలవంపులు. పట్టింది పట్టినట్టే ఉండాలి. మొగుడికి కొత్త ఖాకీ చొక్కా కుట్టించి, మిషను మీద కాజా గట్టు కట్టి, దాని చుట్టూ వలదారం పోగుతో బిగించి కుట్టింది. రెండు చివర్లా అడ్డకుట్లు వేసింది. కోత ఇంకాస్త చిన్నది చేసింది, బొత్తాం నెట్టి నెట్టి దూర్చాలి. బొత్తాలు కూడా ఆ పోగుతోనే కుట్టింది. అది చూసి షెడ్డులో ఇంకో నలుగురు ముచ్చటపడి తమ చొక్కాలు పంపించారు. వాటికీ అదే దారం వేసింది. సోమవారం పోలరాజు ఆ చొక్కా తొడుక్కొని వెళుతుంటే గుమ్మంలో నిలబడి నవ్వింది. నాకు తెలిసి మొగుడు డ్యూటీకి వెళుతుంటే ఆమె నవ్వడం అదే మొదలు.

ఆ నవ్వు రెండురోజులే నిలిచింది. బుధవారం పొద్దెక్కాక సవరయ్య తాత వచ్చాడు. వెనకటి రోజుల్లో షెడ్లలో పనిచేసి మానుకున్న పెద్దాయన. ఆదివారం చర్చికి తొడుక్కోవడానికి తెల్లచొక్కా కుట్టించుకొని, కాజాలకు దాలమ్మ దగ్గర ఇచ్చాడు. మేమిద్దరం గుమ్మంలో బియ్యం ఏరుకుంటున్నాం. ఆయన చొక్కా తొడుక్కొని, బొత్తాలు ఒక్కొక్కటే నెట్టి పెట్టుకొని, "బాగుందే దాలమ్మా, పెళ్ళికొడుకులాగున్నాను" అన్నాడు. తరవాత విప్పబోయాడు. రాలేదు. గోరుతో గిల్లాడు, రాలేదు. రెండు చేతులా పట్టుకొని లాగాడు. గుడ్డ కిర్రుమంది, బొత్తాం కదలలేదు.

ముందు నవ్వాడు. "యముడొచ్చినా ఇప్పలేడు గదే." తరవాత నవ్వడం మానేసి కాజా మీద వేలు పెట్టి రుద్ది చూశాడు. "ఇదేటి దారం?"

"వలదారం తాతా. తెగదు" అంది దాలమ్మ గొప్పగా.

ఆయన చొక్కాను కింది నుంచి పైకి ఎత్తి వీపు మాకు చూపించాడు. భుజం నుంచి నడుం దాకా చర్మం ముడతలు పడి, మెరుస్తూ ఉంది.

"బెల్టు మిషన్ల కాలంలో నా సొక్కా అంచు పట్టేసింది. ఒక్క గుంజు గుంజింది. బొత్తాలన్నీ పటపటా ఊడిపోయి సొక్కా అది తీసుకుపోయింది, నన్ను ఒగ్గేసింది. నా పక్కోడిది కొత్త కోటుగుడ్డ. సిరగలేదు, ఊడలేదు. ఆడే పోయినాడు. సొక్కా పోవాల గానీ అమ్మా, మడిసి పోకూడదు." చొక్కా కిందికి దించుకుంటూ అడిగాడు. "ఈ దారం ఇంకెవులికి ఏసినావు?"

చాటలో బియ్యం మీద దాలమ్మ చెయ్యి అలాగే ఉండిపోయింది. నేనే చెప్పాను, పోలరాజుకు వేసిందని.

"మరి ఆడు లేతు మీద ఉన్నాడు గదే" అన్నాడు తాత.

అంతే. చాట ఎటు పోయిందో, బియ్యం ఎటు పోయాయో. చెప్పులు లేకుండా వీధిలోకి పరిగెత్తింది. నేను తలుపు గొళ్ళెం పెట్టి అలాగే వెనకాల పడ్డాను. ఎండ నెత్తిమీద కొస్తోంది. రిక్షా దొరికేదాకా పరుగే. రిక్షా ఎక్కాక కూడా ఆమె కూర్చోలేదు, ముందుకు వంగి రిక్షావాడి సీటు పట్టుకొని, "జల్దీ భయ్యా, జల్దీ" అంటూనే ఉంది. నేను ఏదో ధైర్యం చెప్పబోయాను. నా గొంతు నాకే అబద్ధంగా వినపడి ఊరుకున్నాను. సోమవారం, మంగళవారం ఏం కాలేదుగా అనుకున్నాను లోపల. వెంటనే, రోజూ కాకపోవడం వల్లనే కదా ఒకరోజు అవుతుంది అని కూడా అనిపించింది. పాడు మనసు.

షెడ్డు గేటు దగ్గర దర్వాను ఆపేశాడు. ఆడవాళ్ళకు లోపలికి ప్రవేశం లేదు, ఛుట్టీ అయ్యాక, పని వదిలాక రమ్మన్నాడు. పోలరాజును ఒక్కసారి పిలవమని అడిగాం. ఎందుకన్నాడు. చొక్కా విప్పేయమని చెప్పాలి అన్నాను నాకొచ్చిన హిందీలో. వాడు పగలబడి నవ్వాడు. నవ్వడా మరి. ఎండలో ఇద్దరాడవాళ్ళు చెప్పుల్లేకుండా వచ్చి మొగుడి చొక్కా విప్పించమంటే నేనైనా నవ్వుతాను. కానీ ఆవేళ వాణ్ణి అక్కడే పీక పిసికేద్దామనిపించింది.

గేటు పక్క రేకుల నీడలో నిలబడ్డాం. లోపలినుంచి మిషన్ల చప్పుడు వస్తోంది. ఒకటి గరగర, ఒకటి సన్నగా ఈలలాగ. దాలమ్మ ఆ ఈలకే చెవి ఒగ్గింది. "అది లేతు వొదినా. ఇనప్పొట్టు లేచినప్పుడు అలాగ కూత్తాదని సెప్పినాడు" అంది. ఆ కూత వినపడుతున్నంతసేపూ మొగుడు ఉన్నట్టే ఆమెకు.

ఉన్నట్టుండి ఆ కూత ఆగిపోయింది.

దాలమ్మ నా ముంజేతిని పట్టుకుంది. గోళ్ళు దిగాయి, నేనూ విడిపించుకోలేదు. మిగతా మిషన్లు ఆడుతూనే ఉన్నాయి. ఎవరో లోపల అరిచారు. పిలుపో, తిట్టో, ఏడుపో ఏమీ తెలియడం లేదు. దర్వాను బీడీ ముట్టించుకుంటున్నాడు. ప్రపంచంలో వాడొక్కడికే ఏ భయమూ లేదు. తరవాత ఎంతసేపటికో కూత మళ్ళీ మొదలైంది. పని పూర్తయిన కడ్డీ తీసి కొత్తది బిగించుకోవడానికి ఆపుతారట, తరవాత తెలిసింది. ఆ మధ్యాహ్నం అలా ఎన్నిసార్లు ఆగిందో. ఆగిన ప్రతిసారీ దాలమ్మ మొగుడు చనిపోయాడు, మొదలైన ప్రతిసారీ బతికాడు.

ఛుట్టీ అయింది. టిఫిన్ డబ్బాలు ఊపుకుంటూ మనుషులు బయటికొచ్చారు. చిట్టచివర, చేతుల గ్రీజు చింకిగుడ్డతో తుడుచుకుంటూ పోలరాజు వచ్చాడు. మెడదాకా బొత్తాలు పెట్టుకొని, భార్య కుట్టిన చొక్కాలో, దిట్టంగా.

పదిమందిలో మొగుడి పక్కన నిలబడటానికే సిగ్గుపడే మనిషి, పరుగున వెళ్ళి చొక్కా రొమ్ము దగ్గర పట్టుకుంది. బొత్తాం విప్పబోయింది. అది రాలేదు. తను కుట్టిన కాజా తనకే లొంగలేదు. "ఏటైందే? ఏటిది, నలుగురిలో?" అంటున్నాడు పోలరాజు. చుట్టూ ఉన్నవాళ్ళు ఈలలు వేశారు. "అరే పోలరాజ్, ఘర్ తక్ తో జానే దే" అని, ఇల్లు చేరేదాకా అయినా ఆగమని, ఎవడో అంటే అందరూ గొల్లుమన్నారు.

దాలమ్మ రెండు చేతులా చొక్కా పట్టుకొని, కాళ్ళు నేలకు తన్నిపెట్టి, ఉన్న బలమంతా పెట్టి ఒక్క గుంజు గుంజింది. చొక్కా ఊడలేదు. చొక్కాతో పాటు మనిషి వచ్చాడు. అంత ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు తూలి ఆమె కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద పడ్డాడు.

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. చూస్తున్నవాళ్ళందరూ మిషన్ల మీద పనిచేసేవాళ్ళే, వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. అలాంటి కాజాల చొక్కాలే తొడుక్కున్న నలుగురూ తమ రొమ్ము మీద బొత్తాలు తడుముకున్నారు. ఒకడు కత్తెర కోసం లోపలికి పరిగెత్తాడు.

"నిన్ను నానే కట్టేసినాను మావా, నానే కట్టేసినాను" అని దాలమ్మ ఏడుస్తూనే ఉంది. పోలరాజు మోకాళ్ళ మీదే ఉండి ఆమె చేతులు పట్టుకున్నాడు.

ఆ కండె మొత్తం ఏట్లో పడేసింది. తరవాత పనిచొక్కాలకు వేరే పద్ధతి పెట్టింది. సన్న నూలు దారం, ఒంటిపేట. రొమ్ము అంచువైపు అడ్డకుట్టు ఉండదు. చెయ్యి ఆడించినా బొత్తాం ఊడకూడదు, గట్టిగా గుంజితే మాత్రం నిలవకూడదు. కుట్టిన ప్రతి చొక్కాను గోడ మేకుకు తగిలించి, అంచు పట్టుకొని గుంజి చూసేది. ఊడితే మళ్ళీ సరిచేసి ఇచ్చేది, ఊడకపోతే విప్పి మొదటినుంచి కుట్టేది. దాలమ్మ చేతి పనితనం పోయింది, కాజాలు నిలవట్లేదు అని షెడ్డువాళ్ళ పెళ్ళాలు చెప్పుకున్నారు. చిన్నారావు చెవిన కూడా పడి కేకలేశాడు. అననీ అంది దాలమ్మ. షోకు చొక్కాలకు మాత్రం పాత పద్ధతిలోనే అచ్చు గుద్దినట్టు కుట్టి పంపేది.

అలా కొన్నేళ్ళు గడిచాయి. ఒక వానాకాలం, మధ్యాహ్నం అన్నాలు తిని మేం గుమ్మంలో కూర్చుని ఉండగా షెడ్డు మనుషులిద్దరు సైకిళ్ళు దిగారు. ఒకడి చేతిలో ఖాకీ గుడ్డ ముద్ద. వాళ్ళ ముఖాలు నేను చూశాను. దాలమ్మ గుడ్డనే చూసింది. లేవలేదు, అరవలేదు. గోడకు జారబడి, "ఎక్కడున్నాడు?" అని మాత్రం అడిగింది, చాలా మెల్లగా.

"జిందా హై భాభీ, జిందా హై" అన్నాడు ఒకడు కంగారుగా. బతికే ఉన్నాడు, డిస్పెన్సరీలో కట్టు కడుతున్నారు, వచ్చేస్తాడు. నిజమే చెప్పాడు గానీ ఆమె నమ్మలేదు. పోలరాజు రిక్షాలోంచి దిగి, ఒంటి మీద చొక్కా లేకుండా, నడుం చుట్టూ కట్టుతో, నడుచుకుంటూ గుమ్మం ఎక్కేదాకా ఎవరి మాటా నమ్మలేదు. అప్పుడు లేచి వాణ్ణి కొట్టింది. భుజాల మీద, చేతుల మీద కొట్టి కొట్టి, ఆ తరవాత పట్టుకుంది.

వీధి వీధంతా వచ్చింది. చొక్కా అంచు కడ్డీకి చుట్టుకుందట, ఒక్క గుంజులో బొత్తాలు ఊడి చొక్కా ఒంటి మీదనుంచి లేచిపోయిందట. ఆ కాజాలే ప్రాణం పోశాయని షెడ్డు మనుషులు దండం పెట్టారు. సవరయ్య తాత ప్రార్థన చేసి వెళ్ళాడు. నాకూ కళ్ళనీళ్ళు ఆగలేదు.

దాలమ్మ మాత్రం ఆ చొక్కా పీలికలు ఒళ్ళో పరుచుకుంది. ఒక్కో కాజానూ వేలితో తడిమి చూసింది. అన్నీ అంచువైపు నోరు తెరుచుకొని విడిపోయాయి. అన్నిటికన్నా కిందిది మాత్రం విడిపోలేదు. బొత్తాం దానిలోనే ఉంది. పక్కన గుడ్డ చీలిపోయింది గానీ కాజా అలాగే ఉంది, ఎంతో నాజూగ్గా. పోలరాజు నడుం కోసుకుపోయింది సరిగ్గా అక్కడే.

"ఇది ఒగ్గలేదు వొదినా" అంది.

"పోనీలేవే, మనిషి దక్కాడు గదా."

"పైదొకటి కూడా ఇలాగే పట్టుకునుంటే? మేకుకి తగిలించి గుంజి సూసినాను. అన్నీ ఊడినాయి. ఇదీ ఊడింది. మళ్ళీ కుట్టినప్పుడు సెయ్యి బిగిసిపోనాది కావాల." ఆమె ముఖంలో చూసింది నాకు ఇప్పటికీ మరపు రాదు. ప్రాణం నిలిపినదాని ముఖం కాదది. తన చేతిని తనే నమ్మలేని మనిషి ముఖం.

పుండు మానాక పోలరాజు మళ్ళీ డ్యూటీకి బయలుదేరాడు. వద్దంది. "ఎల్లకపోతే ఎలాగే?" అన్నాడు.

ఆ తరవాత కూడా సాక్చి అంతా దాలమ్మ కాజాలే తొడుక్కుంది. పోలరాజు చొక్కాకు మాత్రం మరి ఒక్క కాజా లేదు. పొట్టిచేతులు కుట్టించి, రవికలకు వేసే నొక్కుడు బొత్తాలు వేసింది. షెడ్డులో నవ్వారు, వాడు ఓర్చుకున్నాడు. రోజూ పొద్దున్న గుమ్మంలో మొగుణ్ణి నిలబెట్టి, పైనుంచి కిందిదాకా ఒక్కొక్కటే బొటనవేలితో నొక్కేది. అన్నీ నొక్కాక రెండు అంచులూ పట్టుకొని ఒక్క గుంజు గుంజేది. అన్నీ పటపటా ఊడితేనే, మళ్ళీ మొదటినుంచి నొక్కి, పనికి పంపేది.